బియ్యం గవర్నమెంటుది.. మరి అప్పు ఎవరిది?

మొన్న శనివారం మా పెద్దమ్మ ఫోన్ చేసింది. మామూలుగా ఆవిడ ఫోన్ చేస్తే రెండే ప్రశ్నలు. "ఎప్పుడొస్తున్నావురా", "పెళ్ళెప్పుడురా". ఈసారి రెండూ అడగలేదు. కాసేపు వానల గురించీ, మా అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడి, "నాన్నా, ఒక నలభై వేలు సర్దగలవా? బిల్లులు పడగానే ఇచ్చేస్తా" అంది.

పెద్దమ్మ మా ఊరి ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆవిడా, ఇంకొకావిడా కలిసి తొంభై మంది పిల్లలకి. మూడు నెలల బిల్లులు రాలేదట. ఎక్కడ ఆగాయో చెప్పే నాథుడు లేడు. కిరాణా కొట్టాయన పాత బాకీ కడితేనే కొత్త సరుకు ఇస్తానన్నాడట. డబ్బులు పంపించాను, అదేం పెద్ద ఘనకార్యం కాదు. కానీ ఫోన్ పెట్టేశాక బుర్రలో ఒకటే తిరుగుతోంది. పథకం గవర్నమెంటుది. బడి గవర్నమెంటుది. పిల్లలు ఊరందరి పిల్లలు. మరి అప్పు మాత్రం మా పెద్దమ్మది ఎలా అయ్యింది?

మన వృత్తిలో ఒక అలవాటుంది కదా. ఏదన్నా తేడా కనపడితే, ఇది ఎప్పుడు వచ్చింది, ఏ వెర్షన్లో దూరింది అని పాత చేర్పులన్నీ ఒక్కొక్కటే తిరగేస్తాం. నేనూ అదే పని చేశాను, ఈ బడి భోజనం మీద. నూరేళ్ళు పైబడిన కథ తేలింది. అదే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్ద టపా, ఓపిగ్గా చదవండి.

కథ మొదలయ్యేది మద్రాసులో. అప్పటికి ఆంధ్రా అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది కాబట్టి ఒక రకంగా మన కథే. 1920లో మద్రాసు కార్పొరేషన్ కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలో ఉన్న కార్పొరేషన్ బడిలో పిల్లలకి టిఫిన్ పెట్టాలని. అప్పుడు కౌన్సిల్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకడు, ఇంట్లో తెలుగు మాట్లాడే దేవాంగుల కుటుంబం. చెన్నైలో పనిచేసిన వాళ్ళు పట్టుచీరలకో, ఇస్త్రీ బట్టలకో టీ నగర్ వెళ్ళే ఉంటారు. ఆ 'టీ' ఈయనే, త్యాగరాయ నగర్.

ఆ తీర్మానంలో ఒక షరతు ఉంది. పిల్లాడికి రోజుకి ఒక అణా మించకూడదు. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. చూశారా, పథకం పుట్టిన రోజునే 'తలకి ఇంత' అన్న లెక్క కూడా పుట్టింది. టిఫిన్ పెట్టడం మొదలవగానే బడికి వచ్చే పిల్లలు పెరిగారు. ఇంకో నాలుగు బడులకి కూడా పాకించారు. కానీ 1925 వచ్చేసరికి ఆగిపోయింది. కారణం ఆకలి తీరడం కాదు, పద్దు. ప్రాథమిక విద్యకని ఉంచిన నిధిలోంచి టిఫిన్ ఖర్చు పెట్టడానికి వీల్లేదని ప్రభుత్వం అంది. చదువుకి డబ్బులున్నాయి, తిండి చదువు కిందకి రాదు అన్నమాట. ఈ 'ఏ పద్దు కింద రాయాలి' అన్న గొడవ తర్వాత వందేళ్ళూ వేషాలు మార్చుకుని వస్తూనే ఉంది.

తర్వాత కామరాజ్. ముఖ్యమంత్రిగా పల్లెలు తిరుగుతున్నప్పుడు పశువులు కాసుకుంటున్న పిల్లాణ్ణి "బడికెందుకు పోలేదురా" అని అడిగితే, "పోతే అన్నం నువ్వు పెడతావా" అన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, 1956లో మద్రాసు రాష్ట్రంలో పేద పిల్లలకి బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలయింది. విద్యాశాఖ డైరెక్టరు సుందరవడివేలు వెనకాల ఉండి నడిపించాడు. మనం 1953లోనే విడిపోయి వచ్చేశాం కాబట్టి మనకి అందలేదు. అయితే అందులోనూ ఒక మెలిక ఉంది. మొత్తం ఖర్చు ఖజానాది కాదు, ఊళ్ళో వాళ్ళ విరాళాల మీద చాలా ఆధారపడింది. ఊరు బాగుంటే భోజనం బాగుంటుంది, ఊరికే లేకపోతే పిల్లలకీ లేదు.

అరవైలలో కేర్ సంస్థ ద్వారా అమెరికా సాయం వచ్చింది. పాలపొడి, గోధుమ రవ్వ, నూనె డబ్బాలు. మా నాన్న చెప్తుంటాడు, బళ్ళో ఉప్మా పెడతారని ఇంట్లో గిన్నె దొంగతనంగా పట్టుకెళ్ళేవాడట. ఆ ఉప్మా ఎవరు వండేవారు నాన్నా అని మొన్న అడిగాను. కాసేపు ఆలోచించి "ఎవరో ఆయా ఉండేదిరా.. పేరు గుర్తులేదు" అన్నాడు. రవ్వ రంగు గుర్తుంది, డబ్బా మీద బొమ్మ గుర్తుంది, వండిన మనిషి గుర్తులేదు. నాన్ననని ఏం లాభం, నాకూ అంతే.

అసలు మార్పు 1982లో. ఎమ్జీఆర్ ఆ ఏడాది జూలై 1న తమిళనాట పౌష్టికాహార పథకం మొదలుపెట్టాడు. అరవై లక్షలకి పైగా పిల్లలు. ఖజానా దివాలా తీస్తుందని చాలామంది అన్నారు. ఎమ్జీఆర్ చేసినదాంట్లో అందరూ పిల్లల సంఖ్యనే చెప్తారు గానీ, నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకొకటి. ప్రతి కేంద్రానికీ ముగ్గుర్ని పెట్టారు: ఒక నిర్వాహకురాలు, ఒక వంటామె, ఒక సహాయకురాలు. వితంతువులకీ, దిక్కులేని ఆడవాళ్ళకీ ముందు అవకాశం ఇచ్చారు. జీతం తక్కువే. కానీ అది ఒక పోస్టు. వాళ్ళు సంఘాలు పెట్టుకున్నారు, రోడ్లెక్కారు, దశాబ్దాలు పోరాడి ప్రత్యేక పే స్కేలు దాకా తెచ్చుకున్నారు. అంటే తమిళనాడులో వంట చేసే మనిషి, లెక్కల్లో కూడా మనిషిగానే ఉంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మన దగ్గరికి వచ్చేసరికి ఏమయిందో చూద్దాం.

1995 ఆగస్టు 15న దేశం మొత్తానికి పథకం వచ్చింది. ప్రధాని మన పీవీ. మొదట 2408 బ్లాకుల్లో. కేంద్రం ఇచ్చేది పిల్లాడికి రోజుకి 100 గ్రాముల బియ్యమో గోధుమలో, ఉచితంగా. దాంతోపాటు రవాణా ఖర్చు. వండించుకునే బాధ్యత రాష్ట్రాలది, ఆ ఖర్చూ రాష్ట్రాలదే. ఫలితం ఊహించగలరు. చాలా రాష్ట్రాలు వండటం మానేసి, హాజరు 80 శాతం ఉన్న పిల్లలకి నెలకి మూడు కిలోల బియ్యం సంచిలో పోసి ఇంటికి పంపించేశాయి. మన రాష్ట్రమూ అంతే. 'మధ్యాహ్న భోజనం' అని పిలిచే దాంట్లో మధ్యాహ్నమూ లేదు, భోజనమూ లేదు :)

ఇది సోమరితనమని తీసిపారెయ్యకండి. బియ్యం ఎఫ్‌సీఐ గోదాముల్లో ఎలాగూ మూలుగుతున్నాయి, వాటిని ఇవ్వడం తేలిక. వండటం అంటే పొయ్యి, కట్టెలు, నీళ్ళు, గిన్నెలు, పప్పు, ఉప్పు, చింతపండు, అన్నిటికీ మించి రోజూ పొద్దున్నే వచ్చి వండి వడ్డించి గిన్నెలు తోమే మనిషి. ధాన్యం ఒక్కసారి పంపితే అయిపోతుంది. వంట అలా కాదు, ప్రతిరోజూ మళ్ళీ మొదటి నుంచీ. అందుకే అందరూ బియ్యం దగ్గరే ఆగిపోయారు.

2001లో గోదాముల్లో సుమారు 6 కోట్ల టన్నుల ధాన్యం పేరుకుపోయి ఉంటే, రాజస్థాన్లో కరువు. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ ఏడాది నవంబర్ 28న కోర్టు చెప్పింది ఏమిటంటే, బియ్యం కాదు, వండిన అన్నం పెట్టండి. కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్, ఏడాదికి కనీసం 200 రోజులు. 'వండిన' అన్న ఆ ఒక్క మాట దేశంలో లక్షల మంది ఆడవాళ్ళకి పని పుట్టించింది. కానీ ఆ పనికి ఎంత ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో (అప్పటికి ఉమ్మడి రాష్ట్రం) 2003 జనవరిలో వంట మొదలయింది. నేను ఒకటో క్లాసు. వేపచెట్టు కింద మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద పేద్ద అల్యూమినియం డేగిసా. పొగకి మాకు కళ్ళు మండేవి, వండేవాళ్ళకి ఎలా ఉండేదో. ఇంటి నుంచి స్టీలు కంచం తెచ్చుకుని, చేతిపంపు దగ్గర కడుక్కుని వరసలో కూర్చునేవాళ్ళం. సాంబారులో పప్పు కోసం వెతుక్కోవాల్సి వచ్చేది, అది వేరే సంగతి. కొన్నాళ్ళకి గుడ్డు మొదలయింది. గుడ్డు పెట్టే రోజు హాజరు చూడాలి.. జ్వరం వచ్చినవాడు కూడా దుప్పటి కప్పుకుని వచ్చేవాడు.

పెద్దమ్మ మొదటి నుంచీ ఉంది. ఆవిడది డ్వాక్రా గ్రూపు. మన రాష్ట్రం ఆ రోజుల్లో స్వయం సహాయక సంఘాలకి దేశంలోనే పేరుపడ్డది కదా, వంట కూడా చాలాచోట్ల ఆ సంఘాలకే అప్పగించారు. కాగితాల మీద వాళ్ళ పేరు 'వంట మనిషి' కాదు, 'ఏజెన్సీ'. ఇప్పటికీ జిల్లా పేపర్లలో చూడండి, 'మధ్యాహ్న భోజన ఏజెన్సీ నిర్వాహకుల ధర్నా' అని వస్తుంది. ఏజెన్సీ అంటే మనకి ఏదో అద్దాల ఆఫీసు, కాంట్రాక్టు కాగితాలు గుర్తొస్తాయి. ఇక్కడ ఏజెన్సీ అంటే ఇద్దరు ఆడవాళ్ళు, రెండు గరిటెలు, కిరాణా కొట్లో ఒక ఖాతా పుస్తకం.

నా లెక్క ప్రకారం తేడా దూరింది సరిగ్గా ఇక్కడే. తమిళనాట ఆవిడ చిన్నదో పెద్దదో ఒక ఉద్యోగి. మన దగ్గర ఆవిడ కాంట్రాక్టరు. బియ్యం వస్తాయి. పప్పు, నూనె, కూరగాయలు, కట్టెలు ఆవిడే తేవాలి. నెలాఖరుకి ఎంతమంది తిన్నారో లెక్క కట్టి హెడ్మాస్టరు బిల్లు రాస్తే, అది మండలానికి వెళ్ళి, అక్కడి నుంచి ట్రెజరీకి వెళ్ళి, డబ్బులు తర్వాత వస్తాయి. ముందు పెట్టుబడి ఎవరిది? ఆవిడది. దానికి వడ్డీ? ఆ మాటే ఎక్కడా లేదు. మన కంపెనీల్లో క్లయింటు అరవై రోజులకి డబ్బులిస్తే, ఆ అరవై రోజులు మోయడానికి వెనకాల బ్యాంకు ఉంటుంది. పెద్దమ్మ వెనకాల ఉన్నది చెవి కమ్మలు.

సరే, డబ్బుల లెక్క చూద్దాం. 2004 సెప్టెంబర్లో కేంద్రం మొదటిసారి వంట ఖర్చు ఇచ్చింది, పిల్లాడికి రోజుకి ఒక రూపాయి. ఆ రూపాయిలోనే పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, కట్టెలు, వంటామె కూలి, అన్నీ. అందులో ముందు సరుకు తెస్తారు, మిగిలింది ఆవిడది. మిగలకపోతే ఆవిడకి లేదు. అందుకే సాంబారులో పప్పు కోసం వెతుక్కున్నామని ఇప్పుడర్థమయింది. పప్పు ఎక్కువ వేస్తే కూలి పోతుంది, కూలి చూసుకుంటే పప్పు పోతుంది. మా నోటి దగ్గరి ముద్దకీ, ఆవిడ చేతి కూలికీ పోటీ పెట్టారు. అప్పట్లో "వంటవాళ్ళు తినేస్తున్నారు" అని ఊళ్ళో తెగ మాట్లాడుకునేవారు. నేనూ విన్నాను, నవ్వాను కూడా. ఆ రూపాయి లెక్క ఎవరూ కట్టలేదు.

2009లో దీన్ని కొంత సరిచేశారు. కూలిని సరుకు ఖర్చు నుంచి విడదీసి, వంటామెకి నెలకి 1000 రూపాయలు 'గౌరవ వేతనం' అన్నారు. 25 మంది పిల్లల దాకా ఒకరు, వంద దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకీ ఇంకొకరు. మంచి మార్పే. కానీ ఏడాదికి పది నెలలే ఇస్తారు, ఎండాకాలం సెలవల్లో తిండి అక్కర్లేదన్నట్టు. 'వేతనం' ముందు 'గౌరవ' ఎందుకు పెట్టారంటే, వీళ్ళు ఉద్యోగులు కాదు, సమాజ సేవ చెయ్యడానికి ముందుకొచ్చినవాళ్ళు అని కేంద్రం పార్లమెంటులో చెప్తూ వచ్చిన మాట. సేవ అన్నారు కాబట్టి కనీస వేతనాల చట్టం అడ్డురాలేదు మరి.

ఇప్పుడు మన పాఠకులకి బాగా అర్థమయ్యే సంగతి. 2009 డిసెంబర్లో సరుకు ఖర్చు ప్రాథమిక పాఠశాల పిల్లాడికి రోజుకి 2.50 రూపాయలు. దాన్ని ధరలతోపాటు పెంచుకుంటూ వచ్చారు. 2020లో 4.97, 2022 అక్టోబర్లో 5.45, 2024 డిసెంబర్లో 6.19, 2025 మే నుంచి 6.78. సరిపోతుందా లేదా అన్నది పక్కన పెట్టండి, కనీసం కదులుతోంది. వంటామెకి కేంద్రం లెక్కలో పెట్టిన 1000 మాత్రం 2025 మేలోనూ వెయ్యే. అది కూడా కేంద్రం 600, రాష్ట్రం 400. ఒక అంకె వేరియబుల్, రెండో అంకె హార్డ్‌కోడ్. కోడ్ రివ్యూలో ఎవడన్నా ఇలా రాసుకొస్తే వాణ్ణి ఎంత ఆడుకుంటాం!

సరుకు ఖర్చు పెరిగిన నిష్పత్తిలోనే వెయ్యిని పెంచి ఉంటే ఎంతయ్యేదో చూశాను. 2712 రూపాయలు. అడుగుతున్నది ఆకాశాన్ని కాదు.

ఇంకో చిన్న లెక్క. వంద మంది పిల్లలు, ఇద్దరు వంటవాళ్ళు, నెలకి 22 రోజులు. 2200 కంచాలు. ఇద్దరికీ కలిపి రెండు వేలు. అంటే ఒక కంచంలో వంటావిడ కష్టం ఖరీదు 91 పైసలు. పొయ్యి వెలిగించడం, బియ్యంలో రాళ్ళూ పురుగులూ ఏరడం, కూరలు తరగడం, వండటం, వడ్డించడం, డేగిసాలు తోమడం, అన్నీ కలిపి. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా పని. అదే మనిషి 2025-26లో ఉపాధి హామీ పనికి వెళ్ళి ఉంటే మన రాష్ట్రాల్లో రోజు కూలి రేటు 307. ఆ రేటు ఇస్తే కంచానికి 6 రూపాయల 14 పైసలు అవుతుంది. అంటే కూలి, దాదాపు సరుకు ఖర్చుతో సమానం.

నూరేళ్ళుగా అందరూ తప్పించుకుంటున్నది ఈ అంకెనే అని నాకనిపిస్తుంది. బడి భోజనం చవగ్గా కనపడుతోందంటే, సగం ఖర్చు పుస్తకంలో రాయకపోవడం వల్ల. రాయనంత మాత్రాన ఖర్చు మాయం కాదు కదా, ఎవరో ఒకరు మోస్తారు. ఇక్కడ మోస్తున్నది దాదాపు 25 లక్షల మంది, అందులో ఎక్కువమంది పేదింటి ఆడవాళ్ళు.

ఇది మన ఒక్క దేశపు జబ్బు అనుకోకండి. ఇప్పుడు మన తెలుగువాళ్ళ పిల్లలు వేలమంది తింటున్న అమెరికా స్కూలు లంచ్ కథ కూడా ఇలాగే మొదలయింది. ముప్ఫైలలో ఆర్థిక మాంద్యం, రైతుల దగ్గర మిగిలిపోయిన పంట. దాన్ని బడులకి పంపించారు. వండటానికి? పనుల్లేని ఆడవాళ్ళకి డబ్ల్యూపీఏ అనే ప్రభుత్వ ఉపాధి పథకం కింద జీతం ఇచ్చి పెట్టారు. 1941లో 23 వేలకి పైగా బడుల్లో 64 వేలకి పైగా మనుషులు పనిచేశారు. యుద్ధం వచ్చి ఉపాధి పథకం ఎత్తేశారు, మిగులు పంటా తగ్గింది. భోజనం పెట్టే బడులు 1942లో 92 వేలకి పైగా ఉండేవి, 1944కి 34 వేలకి పడిపోయాయి. చివరికి 1946లో చట్టం చేస్తే గానీ కుదుటపడలేదు. పంటా, వండే చెయ్యీ రెండూ ఉన్నన్నాళ్ళే కంచం నిండింది.

వంటని చిన్నచూపు చూస్తే పోయేది వంటావిడ కూలి ఒక్కటే కాదు. 2004 జూలై 16న కుంభకోణంలో ఒక బడిలో భోజనం వండే చోట నిప్పు అంటుకుని పూరి కప్పు మీదకి పాకింది. 94 మంది పిల్లలు చనిపోయారు. సరిగ్గా తొమ్మిదేళ్ళకి, 2013 జూలై 16న, బీహార్లోని గండామన్ ఊళ్ళో బడి అన్నం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. నూనె వాసన తేడాగా ఉందని వంటామె చెప్పినా పట్టించుకోలేదని అప్పట్లో పేపర్లలో వచ్చింది. నాకు ఇప్పటికీ అదే గుచ్చుకుంటుంది. రోజూ ఆ నూనెతో వండే మనిషి చెప్తోంది, కానీ వెయ్యి రూపాయల మనిషి మాటకి విలువెంత? వంటగదికి గోడలూ కప్పూ కట్టించడం, గ్యాసు ఇవ్వడం, వండే మనిషి చెప్పింది వినడం, ఇవన్నీ కూడా భోజనం ఖర్చులే.

కులం సంగతి కూడా చెప్పకుండా దాటెయ్యకూడదు. 2004 ఏప్రిల్లో సుప్రీంకోర్టు వంటవాళ్ళ నియామకంలో దళితులకీ గిరిజనులకీ ప్రాధాన్యం ఇవ్వమంది. దేశంలో చాలాచోట్ల 'ఆమె వండితే మా పిల్లలు తినరు' అని తల్లిదండ్రులు అడ్డం తిరిగారు. తిన్న పిల్లలకేమో ఏ పట్టింపూ లేదు. మా బళ్ళో పెద్దమ్మతోపాటు వండే ఆవిడ దళితవాడ నుంచి వచ్చేది. మొదట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇంటికెళ్ళి తిన్నారు. గుడ్డు మొదలయ్యాక వాళ్ళూ వచ్చి వరసలో కూర్చున్నారు. ఎవరి ఉపన్యాసాలూ అక్కర్లేకపోయింది.

ఇక్కడ మనలాంటివాళ్ళకి తట్టే పరిష్కారం ఒకటుంది. పెద్ద కేంద్రీకృత వంటశాల పెట్టి, యంత్రాలతో వండి, వ్యాన్లలో పంపించెయ్యొచ్చు కదా అని. 2000లో బెంగుళూరులో 1500 మంది పిల్లలతో మొదలైన అక్షయపాత్ర అలాగే ఎదిగింది. వంటగదికి జాగా లేని పట్నం బడులకి అది బాగానే పనికొస్తుంది, కాదనను. మన ఆఫీసుల్లో చాలామంది జీతంలోంచి విరాళం కూడా ఇస్తారు. కానీ వందో నూట యాభయ్యో పిల్లలున్న పల్లెటూరి బడులు వేలల్లో ఉన్నాయి. అక్కడికి వేడిగా చేరాలంటే దూరం ఒప్పుకోదు. పైగా ఊళ్ళో వండే మనిషికి పిల్లలు పేరుపేరునా తెలుసు. ఎవడు రెండోసారి అడగడానికి సిగ్గుపడతాడో పెద్దమ్మకి తెలుసు. ఇలాంటివి ఏ డాష్‌బోర్డులోనూ రావు.

మరి కోర్టులూ, కమిటీలూ ఏమన్నాయి? 2013లో 45వ భారత కార్మిక సదస్సు, ఇలాంటి పథకాల్లో పనిచేసే వాళ్ళని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలంది. 2020 డిసెంబర్లో అలహాబాద్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, వంటామెకి నెలకి వెయ్యి ఇవ్వడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీయే అంది. వెట్టి అన్న మాట మన నేల మీద ఊరికే వాడే మాట కాదు. తెలంగాణ పల్లెలు దాని మీదే తిరగబడ్డాయి.

రాష్ట్రాలు తమ వంతు కలుపుతున్నాయి, అది చెప్పకపోతే తప్పవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వెయ్యిని 3000 చేశారు. 2020లో మెనూ కూడా మార్చారు. కేరళలో రోజుకి 600 పైనే ఇస్తున్నారు, అయితే అక్కడ ఐదొందల మంది పిల్లల దాకా ఒక్కరే వండాలి. పథకం పేర్లు మాత్రం ప్రభుత్వానికొకటి చొప్పున మారుతుంటాయి. కేంద్రంలో 2021లో పీఎం పోషణ్ అయింది. మన దగ్గర జగనన్న గోరుముద్ద 2024లో డొక్కా సీతమ్మ గారి పేరుకి మారింది. లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళకి కాదనకుండా అన్నం పెట్టిన మహాతల్లి పేరు పెట్టడం నాకు సంతోషమే. కాకపోతే సీతమ్మ గారు పెట్టింది తన సొంత పొలం మీద వచ్చినదాంతో. అదే పని మా పెద్దమ్మతో అప్పు చేయించి చేయించకూడదు కదా.

ఇంత ఖర్చు దేనికీ అనేవాళ్ళకి ఒక మాట. ఈ భోజనం తిన్న ఆడపిల్లలు పెద్దయి తల్లులయ్యాక, వాళ్ళ పిల్లల్లో ఎదుగుదల లోపం తక్కువగా ఉందని 2021లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఇవాళ పెట్టిన ముద్ద ఇంకో తరం దాకా వెళ్తోంది. 91 పైసల కష్టానికి ఇంతకంటే లాభం ఏ పెట్టుబడిలో వస్తుందో మన మ్యూచువల్ ఫండ్ మిత్రులు చెప్పాలి.

నా వరకు అడిగేవి మూడే. ఒకటి, గౌరవ వేతనాన్ని కూడా సరుకు ఖర్చులాగే ధరలతో ముడిపెట్టాలి. 25 లక్షల మందికి 2712 చేస్తే పది నెలలకి అదనంగా సుమారు 4280 కోట్లు, కేంద్రం రాష్ట్రాలు కలిపి. 2025-26లో ఈ పథకానికి కేంద్రం పెట్టిన బడ్జెట్ 12,500 కోట్లు. తేలిక అననుగానీ, అసాధ్యం కాదు. రెండు, పది నెలలు కాదు, పన్నెండు నెలలు ఇవ్వాలి. మూడోది పెద్దగా ఖర్చు లేనిది. సరుకు డబ్బులు నెల ముందే అడ్వాన్సుగా వంటామె ఖాతాలో పడాలి. ఎంతమంది తిన్నారో ఏ రోజుకారోజు ఫోన్లో ఎక్కించుకుంటున్నాం. గుడ్డు పెట్టారో లేదో ఫోటో తీయించుకుంటున్నాం. పిల్లల లెక్క అటు వెళ్ళడానికి క్షణం పడితే, డబ్బు ఇటు రావడానికి మూడు నెలలెందుకు? ఇలాంటి సిస్టమ్స్ రాసేది మనమే. అటు నుంచి ఇటు వచ్చే దారి కట్టమని మనల్ని ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు.

డబ్బులు పంపాక పెద్దమ్మకి మళ్ళీ ఫోన్ చేశాను. "ఎందుకు పెద్దమ్మా ఈ తలనొప్పి, ఇరవయ్యేళ్ళు దాటింది, మానెయ్యరాదూ" అన్నాను. "మానేస్తే రేపు పదకొండున్నరకి వాళ్ళకి ఎవరు పెడతారురా? కంచాలు కడుక్కుని కూర్చుంటారు గదా" అంది. కాసేపాగి, "నువ్వూ అట్టాగే కూర్చునేవాడివి, చారు పోస్తే అలిగేవాడివి" అని నవ్వింది.

ఆవిడ పోసిన చారులో పప్పు ఎందుకు లేదో నాకు తెలియడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. మీలో గవర్నమెంటు బడిలో తిన్నవాళ్ళు చాలామందే ఉంటారు. మీ బళ్ళో వండిన ఆవిడ పేరు గుర్తుందా? ఈసారి ఊరెళ్ళినప్పుడు కనుక్కోండి. కిరాణా కొట్లో ఆవిడ బాకీ ఎంతుందో కూడా.